పాపాయమ్మ పెట్టిన మీగడ

వీరవేణి స్కూటరెక్కుతోందంటే ఆ వీధి అంతటికీ ఓ చిన్న సంబరం. తొంభైల నాటి మాట ఇది. ద్రాక్షారామం దగ్గర కాలువ వారనున్న ఆ ఊళ్ళో అప్పటికి చేతక్ బండి ఉన్న ఇళ్ళు చాలా తక్కువ. దొరబాబు బండిని తెచ్చి అరుగు పక్కన ఆపి, రెండు కాళ్ళూ నేలకి గట్టిగా తన్నిపెట్టి, "ఊఁ, కానియ్యి" అనేవాడు. వీరవేణి అరుగు మీద నిలబడి అతని భుజం మీద చెయ్యి వేసి, ఓసారి దేవుణ్ణి తలుచుకుని, పక్కకి తిరిగి కూర్చునేది. బండి ఒక్కసారి కిందికి కుంగి మళ్ళీ సర్దుకునేది. ఎదురింటి సత్యకుమారి గుమ్మంలోంచి అడిగేది.

"దొరబాబు గారూ, వెనక టైర్లో గాలి చూసుకున్నారా అండీ?"

"టైరుకి అలవాటేనండి. మా ఇంటి లక్ష్మిని మొయ్యడానికే కొన్నాం దీన్ని!"

ఆ మాటకి అందరికంటే ముందు వీరవేణే నవ్వేది. ఆవిడ నవ్వితే బండి ఊగేది. బండి ఊగితే దొరబాబు "ఆగవే, పడిపోతాం" అని అరిచేవాడు. అలా ఊగుతూనే వీధి మలుపు తిరిగి, రామచంద్రపురం సినిమాకో, ఎవరింటి పెళ్ళికో వెళ్ళిపోయేవారు.

ఒళ్ళు చెయ్యడం సిగ్గుపడాల్సిన సంగతని అప్పట్లో ఎవరూ అనుకునేవారు కాదు. మనిషి నిండుగా ఉంటే ఇంట్లో గాదె నిండుగా ఉన్నట్టే లెక్క. పేరంటాల్లో వీరవేణిని ముందు పీట మీద కూర్చోబెట్టేవారు. జరీచీర కట్టుకుని, మెళ్ళో కాసులపేరు వేసుకుని ఆవిడ కూర్చుంటే, చిన్నకోడళ్ళు పక్కన చేరి, "ఏం తింటారండీ మీరు, మాకూ చెప్పండి" అని అడిగేవారు. "మా అత్తగారు పెట్టిన మీగడే తల్లీ" అనేది వీరవేణి.

అది సరదాకి అన్న మాట కాదు.

పిఠాపురం వైపు పల్లె నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చిన నాడు వీరవేణి గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేది. గాజులు మోచేతి దాకా జారేవి. మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. రెండోదీ నిలవలేదు. రక్తం లేదన్నారు, బలం లేదన్నారు. పిల్లని మార్చుకుంటే పోలేదా అని ఓ దూరపు చుట్టం దొరబాబు తల్లి పాపాయమ్మ చెవిలో వేసింది. పాపాయమ్మ ఆవిడకి మంచినీళ్ళిచ్చి, మజ్జిగిచ్చి, వీధి గుమ్మం దాకా సాగనంపి, "ఇంకెప్పుడూ మా గడప తొక్కకండి" అని చెప్పి వచ్చింది.

ఆ మర్నాటి నుంచే మొదలైంది. తెల్లారేసరికి కాగిన పాల మీది మందపాటి మీగడ, అందులో చిదిమిన బెల్లం ముక్క. గిన్నె పట్టుకుని పాపాయమ్మ కోడలి పక్కన పీట వేసుకుని కూర్చునేది. "ఇంక చాలత్తయ్యా" అంటే, "నీకు చాలు, నా మనవరాలికి చాలదు" అనేది. అప్పటికి మనవరాలూ లేదు, మనవడూ లేడు. ఆవిడకి మాత్రం ఉన్నట్టే. మధ్యాహ్నం ముద్దపప్పులో నెయ్యి, సాయంత్రం సున్నుండ, పొద్దుపోయాక పాలు. కోడలు మొహం తిప్పుకుంటే కథలు చెబుతూ, పాటలు పాడుతూ, చంటిపిల్లకి పెట్టినట్టు తినిపించేది. ఏడాది తిరిగేసరికి వీరవేణి బుగ్గల్లో రంగొచ్చింది. మూడో కడుపు నిలిచింది. లావణ్య పుట్టింది.

తర్వాత తిండి ఆగలేదు. ఆపాలని ఎవరికీ తోచలేదు. పెట్టే చెయ్యికీ అలవాటైపోయింది, తినే నోటికీ అలవాటైపోయింది. పాపాయమ్మ పోయాక ఆ పని దొరబాబు అందుకున్నాడు. సంతకెళ్తే పొట్లం లేకుండా వచ్చేవాడు కాదు. ఓసారి పాలకోవా, ఓసారి జీళ్ళు, వేసవిలో మామిడితాండ్ర చుట్ట. పొట్లం భార్య చేతిలో పెట్టి, ఆవిడ మొదటి ముక్క నోట్లో వేసుకునేదాకా చెప్పులు విప్పేవాడు కాదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ప్రేమ గురించి మాట్లాడలేదు. కంచంలో ఇంకొంచెం వడ్డించేవారు, అంతే.

వీరవేణికి ఆ ఇంట్లో ఇష్టమైన చోటు గొడ్లపాక. ఎప్పుడూ నాలుగైదు గేదెలకి తక్కువుండేవి కాదు. వాటిలో నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నదాన్ని చుక్క అని పిలిచేది. అది వీరవేణి చెయ్యి తగిలితేనే చేపేది, పొదుగులోకి పాలు దింపేది. ఇంకెవరైనా కూర్చుంటే తొక్కి పారేసేది. అంత భారీ మనిషి పాలు తియ్యడానికి గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మధ్య చెంబు ఇరికించుకుని, గేదె డొక్కకి నుదురు ఆనించి, ఏదో కూనిరాగం తీస్తూ ఉంటే, చెంబులో నురుగు పొంగుతూ ఉండేది. మొహానికి తగిలే ఆ గేదె వెచ్చదనం, తవుడు వాసన, పాలధార చప్పుడు. ఆ కాసేపూ ఆవిడకి లోకంతో పని లేదు.

అలా పాలు తీస్తున్నప్పుడే కుడి మోకాలు రొమ్ముకి ఒత్తుకుని, లోపల చింతపిక్కంత గట్టిగా ఏదో తగిలింది. రెండువేల రెండో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. నొప్పి లేదు. ఓసారి తడిమి చూసుకుంది. నొప్పి లేనిది రోగమెలా అవుతుందిలే అనుకుని చెంబు తీసుకుని లేచింది.

వానలు పడేవేళకి లావణ్య పురిటికి వచ్చింది. కాకినాడలో బడిపంతులమ్మ ఆ పిల్ల. మనవరాలు పుట్టింది. పదిరోజులు దాటకుండానే లావణ్యకి పాలు గడ్డకట్టి, జ్వరం వచ్చి, బాధతో మెలికలు తిరిగిపోయింది. వీరవేణి వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, కాపడం పెడుతూ కూతుర్ని ఊరడిస్తోంది.

"ఓర్చుకో తల్లీ. నొప్పున్న గడ్డ మంచిదేనే. రేపటికి కరిగిపోద్ది. నాది చూడు, నొప్పీ పెట్టదు, కరగనూ కరగదు."

లావణ్య మూలగడం ఆపేసింది.

"ఏంటమ్మా? నీదేంటి?"

"ఏం లేదే. వేసంకాలం నుంచీ ఉందిలే. నువ్వు కదలకు, గుడ్డ జారిపోద్ది."

"అమ్మా, గుడ్డ అక్కడ పెట్టు. ఇలా రా. చూపించు."

వీరవేణి నవ్వబోయింది. కూతురి మొహం చూశాక ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పటికి చింతపిక్క నిమ్మకాయంతైంది. లావణ్య దాని మీద వేళ్ళు పెట్టి, ఒడిలో పసిపిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కాసేపటికి, "నాన్నగారిని పిలువు" అంది.

రాజమండ్రిలో డాక్టరు ఉదయభాస్కర్ గారి దగ్గరికి వెళ్ళారు. సూదిపెట్టి తీసిన ముక్కలో కాన్సరని తేలింది. ఆ మాట వినగానే దొరబాబు కుర్చీ చేతుల్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వీరవేణి మాత్రం, "చుక్క ఈనడానికి ఇంకా టైముందండి, ఈలోగా కానిచ్చేయండి" అంది. డాక్టరు గారికి ఆ చుక్క ఎవరో అర్థంకాక లావణ్య వైపు చూశారు.

ఆపరేషనైంది. కుడి రొమ్ము తీసేశారు, చంకలో గడ్డలూ తీసేశారు. ఇంటికి వచ్చాక మొదటిసారి అద్దం ముందు నిలబడినప్పుడు వీరవేణి ఎక్కువసేపు చూసుకోలేదు. చీర సర్దుకుని వచ్చేసింది. రెండ్రోజులాగి సత్యకుమారి ఒక పొట్లం తెచ్చింది. మెత్తటి పాతచీర లోపల దూది కూరి, ఆవాలు కొంచెం బరువుకి వేసి, గుండ్రంగా కుట్టి తెచ్చింది. "ఎలా ఉందో జాకెట్లో పెట్టుకు చూడండి వదినగారూ. చాలకపోతే చెప్పండి, మీ కొలతకి ఇంకో చీర చింపాలేమో!" ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే కుట్లు లాగాయి. అలా లాగుతున్నప్పుడు వీరవేణికి ఏడుపొచ్చింది. సత్యకుమారి ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని కూర్చుంది.

కుడిచేత్తో బరువులెత్తకూడదనీ, పాలు తియ్యకూడదనీ డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మిగతా గేదెలు దొరబాబు చేతికి ఎలాగో ఒప్పుకున్నాయి. ఈలోగా చుక్క ఈనింది. దాని పొదుగు బిగిసిపోతోంది, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. దొరబాబు రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ తన్నించుకున్నాడు. మూడోరోజు పొద్దున్న వీరవేణి మంచం మీంచి లేచి, ఆనుకుంటూ ఆనుకుంటూ పెరటి గుమ్మం దాకా వచ్చి చూస్తే, గొడ్లపాకలో తన గళ్ళచీర కనబడింది. దాని కింద దొరబాబు. చీర నెత్తి మీదుగా కప్పుకుని, కొంగు చుట్టూ తిప్పి దోపుకుని, మీసాలు మాత్రం బయటికి పెట్టి, చుక్క డొక్కకి నుదురు ఆనించి, వచ్చీరాని కూనిరాగం తీస్తున్నాడు. చుక్క ఒకసారి వెనక్కి తిరిగి వాసన చూసింది. అనుమానంగానే చూసింది. కానీ చేపింది.

"మీసం దాచుకోండి! అదింకా చూళ్ళేదు!" అని అరిచింది వీరవేణి.

దొరబాబు ఉలిక్కిపడ్డాడు, చెంబు ఒలికిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ అలా కడుపారా నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి కూడా ఆ పొద్దు తలుచుకుంటే చాలు, వీరవేణికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పరువు గల రైతు, నలుగురూ తిరిగే దారి పక్కనున్న పాకలో, పెళ్ళాం చీర కట్టుకుని కూర్చున్నాడు.

తీసిన గడ్డని ఇంకో పరీక్షకని హైదరాబాదు పంపించారు. ఆ ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ మళ్ళీ రాజమండ్రి వెళ్ళారు.

"అమ్మా, మీకు నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది?" అన్నారు డాక్టరు గారు.

"నాలుగేళ్ళు దాటిందండి."

"ఈ గడ్డ ఆడవాళ్ళ హార్మోను తాగి పెరిగే రకమండి. ఈస్ట్రోజెన్ అంటారు."

"అదంతా ఆగిపోయింది కదండీ? ఇంకా నా ఒంట్లో ఎక్కడిదండి?"

డాక్టరు గారిది మొగల్తూరు వైపు పల్లె. తండ్రి వ్యవసాయదారుడు. ఆయన దొరబాబు వైపు తిరిగారు.

"దొరబాబు గారూ, వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. మీ పల్లపు చేలు వెంటనే ఎండిపోతాయా?"

"లేదండి. ఊట ఉంటుందండి. మెరక చేలు బీటలు వారినా, పల్లంలో కాలు దిగబడిపోద్దండి."

"ఇదీ అంతేనండి. అండాశయాలు పెద్ద కాలువ. ఆ వయసు దాటాక అది కట్టేస్తారు. కానీ ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండదు. అది వేరే హార్మోన్లని తీసుకుని కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్ కింద మార్చేస్తూ ఉంటుంది. పల్లం ఎంత ఎక్కువుంటే ఊట అంత ఎక్కువ. దానికి తోడు అమ్మగారికి షుగరుంది. ఒళ్ళు పెరిగినవాళ్ళకి ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. దాంతో ఒళ్ళు దాన్ని ఇంకా ఇంకా వదులుతుంది. ఇలాంటి గడ్డలకి అది ఎరువులా పనిచేస్తుందని అంటున్నారు. కొవ్వులోంచి వచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. వాటి సంగతి మాకూ ఇంకా పూర్తిగా తెలియదు."

లావణ్య అడిగింది. "అంటే, లావుగా ఉండబట్టే వచ్చిందా అండీ?"

"అలా అననమ్మా. కట్టెపుల్లలా ఉన్నవాళ్ళకీ ఇదే గడ్డ ఇదే టేబులు మీద కోసి తీశాను. ఎందుకొచ్చిందో ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళని నమ్మకండి. వచ్చినదానికి ఇది మేత అవుతుంది. అంతవరకే."

ఆయన చెప్పింది ముగ్గురూ విన్నారు. దొరబాబు చెవికి మాత్రం ఊట, ఎరువు, మేత అన్న మాటలే చేరాయి. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి చేలవంక చూస్తూ కూర్చున్నాడు.

మందులు ఎక్కించడం మొదలైంది. మందు మోతాదు మనిషి కొలతని బట్టి కట్టాలట. లావు మనిషి కదా అని భయపడి తగ్గించి ఎక్కిస్తే గడ్డకే మేలు చేసినట్టవుతుందని చెప్పి, డాక్టరు గారు పూర్తి మోతాదే ఇచ్చారు. జుట్టంతా ఊడిపోయింది. నోరు పూసింది. చిత్రమేంటంటే మనిషి చిక్కలేదు సరికదా, ఇంకాస్త ఒళ్ళు చేసింది. వాంతులు రాకుండా ఇచ్చే మందుకి ఆకలి విరుచుకుపడేది. కుర్చీలోంచి లేచే ఓపిక లేదు. చూడవచ్చిన చుట్టాలు వీధిలోకెళ్ళాక, "కాన్సరంటే మనిషి పీక్కుపోవాలి కదండీ. ఈవిడేంటి ఇలా ఉంది? నిజంగా అదేనంటారా?" అనుకోవడం కిటికీలోంచి వినబడేది. జబ్బు పడ్డ మనిషిలా కనబడకపోవడం కూడా తన తప్పేనేమో అనిపించేది వీరవేణికి.

తర్వాత విశాఖపట్నంలో కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకుని వచ్చారు. ఛాతీ మీద చర్మం కమిలి నల్లబడింది. ఆ పైన రోజుకొక బిళ్ళ, అయిదేళ్ళపాటు. "ఇది ఆ ఊటని ఆపే బిళ్ళండి" అన్నారు డాక్టరు గారు. "కొవ్వు హార్మోను తయారుచెయ్యకుండా అడ్డుపడుతుంది. కానీ పల్లాన్ని మీరు కూడా కొంచెం మెరక చేస్తే బిళ్ళకి సాయం చేసినవాళ్ళవుతారు. నడవండి. నెయ్యీ మీగడా తగ్గించండి. అన్నం తగ్గించండి. ఒక్కసారిగా ఏమీ అక్కర్లేదు."

ఈలోగా ఇంట్లో ఏదో మారిపోయింది. దొరబాబు సంత నుంచి ఉత్త చేతులతో వచ్చి, వీధిలోనే చెప్పులు విప్పేసి, నేరుగా పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. భోజనాల దగ్గర ఆవిడ కంచం వంక చూసేవాడు కాదు. ఓరోజు వీరవేణి లేచేసరికి గొడ్లపాక ఖాళీ. చుక్కతో సహా గేదెలన్నీ రామచంద్రపురం సంతకి వెళ్ళిపోయాయి.

"నన్నొక్క మాట అడగలేదేంటండీ?"

"ఏం అడగాలి? ఆ పాలూ ఆ మీగడే కదా ఇంతదాకా తెచ్చింది" అన్నాడతను, తల ఎత్తకుండా.

కట్టుగొయ్యల మధ్య నిలబడి వీరవేణి చాలాసేపు ఆ ఖాళీ నేలని చూసింది.

మరి కొన్నాళ్ళకి పాపాయమ్మ తద్దినం వచ్చింది. బ్రాహ్మడు వచ్చి కూర్చున్నాడు. పిండాలు సిద్ధమవుతున్నాయి. గోడ మీది ఫోటో తుడుస్తూ తుడుస్తూ దొరబాబు ఉన్నట్టుండి గుడ్డ కింద పడేశాడు.

"నేను పెట్టలేను. దీని ఒంట్లో విషం కూరింది మా అమ్మ. ఆవిడ చాలక నేనూ కూరాను. తల్లీకొడుకులం కలిసి దీన్ని చంపుకుంటున్నాం. ఇంక ఏ మొహంతో పెట్టమంటారు పిండం?"

వంటింట్లోంచి వీరవేణి వచ్చింది. నెత్తిమీద అప్పుడప్పుడే మొలుస్తున్న పొట్టి జుట్టు, మీద కొంగు కూడా లేదు. ఆ ఇంట్లో ఆవిడ గొంతు పెంచడం ఎవరూ ఎరగరు.

"విషమంటారా? ఇంకోసారి ఆ మాటనండి చూద్దాం! రెండు కడుపులు పోయి, మంచానికి అంటుకుపోయి ఉన్నాను నేను. మీకు ఇంకో పిల్లని చూస్తామన్నారు మీవాళ్ళు. ఆ రోజు నా పక్కన కూర్చుని నోట్లో ముద్ద పెట్టింది ఎవరండీ? మీరా? ఆ మీగడ తినకపోతే లావణ్య లేదు. నేను లేను. అప్పుడది మందు. తర్వాత ఆపాల్సినప్పుడు ఆపుకోలేదు, అది నాదీ మీదీ అందరిదీ. ఎవరికి తెలుసండీ కొవ్వు హార్మోను తయారుచేస్తుందని? ఆ మహాతల్లికి తెలుసా? తెలిసుంటే తనే నా కంచం లాగేసి ఉండేది!"

దొరబాబు గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అరవయ్యేళ్ళ మనిషి, వచ్చినవాళ్ళ ముందే, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. వీరవేణి పక్కన కూర్చోవాలని చూసింది, ఒళ్ళు సహకరించలేదు. అతని తల మీద చెయ్యి వేసి నిలబడింది. "లేవండి. అత్తయ్యకి ఆకలేస్తుంది" అంది కాసేపయ్యాక. బ్రాహ్మడు పంచె కొంగుతో కళ్ళొత్తుకుని మంత్రం అందుకున్నాడు.

మర్నాటి నుంచి నడక మొదలైంది. కాలువగట్టు వెంబడి నీళ్ళాపే లాకుల దాకా వెళ్ళి రావడం. మొదట్లో నాలుగిళ్ళు దాటితే ఆయాసం. ఆ బిళ్ళ వేసుకుంటే పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు, మోకాళ్ళు పట్టేస్తాయి. తుప్పు పట్టిన గడియ తీసినట్టుండేది లేవడం. నడిస్తే కాసేపటికి వదిలేవి. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో ఆడమనిషి చేతిలో బిందె, గంప ఏమీ లేకుండా గట్టు మీద నడవడం ఎక్కడుందండీ? నాట్లకెళ్ళేవాళ్ళు చేలో వంగినవాళ్ళు వంగినట్టే తలెత్తి, "ఏమండోయ్, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవారు. "నాకేనండి" అనేది వీరవేణి. ఆ జవాబు విని మళ్ళీ నాట్లలోకి వంగేవారు. నెల తిరక్కుండా సత్యకుమారి తోడొచ్చింది. తర్వాత ఆ వీధిలో మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే చేరారు. సాయంత్రమైతే గట్టు మీద పేరంటంలా ఉండేది.

ఓసారి లాకుల దగ్గర ఒక కోడలుపిల్ల వీరవేణిని పక్కకి పిలిచి, చెప్పలేక చెప్పలేక, తన రొమ్ములో గడ్డ సంగతి చెప్పింది. వీరవేణి ఇంటికి కూడా వెళ్ళనివ్వలేదు. దొరబాబు బండి మీద ఆ పిల్లనీ ఆమె మొగుణ్ణీ అప్పటికప్పుడు ద్రాక్షారామం బస్సు దగ్గరికి పంపించింది. అది మామూలు నీటితిత్తే అని తేలింది. ఆ పిల్ల జామపళ్ళు తెచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "ముందు మీ అత్తగారిని కూడా చూపించుకోమను" అంది.

పళ్ళెంలో కూడా మార్పులొచ్చాయి. పొద్దున్న చోడంబలి, అదే రాగిజావ. మజ్జిగ చిలికి వెన్న తీసేసి పలచగా. అన్నానికి గిన్నె కొలత. మొదట్లో దొరబాబు తనూ అదే తినేవాడు పంతానికి. తర్వాత అలవాటైంది. అతనికి మళ్ళీ పొట్లాలు తేవడం వచ్చింది, అయితే వాటిలో ఇప్పుడు జామకాయలో, ఉడికించిన వేరుశెనక్కాయలో ఉండేవి. ఒళ్ళు ఒకేసారి తగ్గలేదు. ఏడాదికి కాస్త తగ్గేది, పండగలకి కాస్త పెరిగేది. డాక్టరు గారు ఒక్కనాడూ కోప్పడలేదు. షుగరు లెక్క దిగినప్పుడు మాత్రం చూసి, "ఎరువు తగ్గిందండి" అని నవ్వేవారు. వీరవేణి పూర్తిగా సన్నబడలేదు, ఎప్పటికీ. ఆవిడ ఒళ్ళు ఆవిడదే. గాజులు మాత్రం కొత్తవి వేయించుకోవాల్సొచ్చింది.

అయితే పాత రోజులు గుర్తొచ్చేవి. పెరట్లోకి వెళ్తే చాలు, లేని గేదెల వాసన తగిలేది. ఒక్కోసారి తెల్లవారుజామున సగం నిద్దట్లో పాలధార చెంబు అడుగున పడ్డ చప్పుడు విని లేచేది. ఎక్కడో రామచంద్రపురం అవతల ఏ ఇంట్లోనో చుక్క ఎవరి చేతికి చేపుతోందో. ఆ మాట మొగుడితో అనేది కాదు. అతను మళ్ళీ తలవంచుకుంటాడని భయం. ఒకరోజు అతనే అన్నాడు, అంబలి తాగుతూ. "పాపిష్టిది, వాసన చూసి కూడా చేపింది కదే ఆ రోజు. నేనని తెలిసే చేపిందేమో." వీరవేణి అతని గిన్నెలో ఇంకొంచెం అంబలి పోసింది.

రెండువేల ఎనిమిది చలికాలంలో డాక్టరు ఉదయభాస్కర్ గారు పరీక్షలన్నీ చూసి, ఇక బిళ్ళ ఆపేయవచ్చన్నారు. ఏడాదికోసారి వచ్చి కనబడితే చాలన్నారు. లావణ్య ఫోన్లో ఏడుస్తూ నవ్వింది. కాకినాడలో కూతురి దగ్గర రెండ్రోజులుండి, తిరుగుప్రయాణంలో పట్టాల మీద నడిచే రైలుబస్సు ఎక్కారు. ఆ బండి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ద్రాక్షారామంలో దిగాల్సింది. బండి ఆగింది. దొరబాబు సంచీ అందుకోబోయాడు.

"దిగొద్దండి" అంది వీరవేణి. "కోటిపల్లి దాకా వెళ్దాం."

"ఇప్పుడా? ఏం పని?"

"గోదారి చూడాలనుంది."

కోటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కదలబోతోంది. ఎక్కారు. ఇంజను చప్పుడు, అరటిగెలలు, సైకిళ్ళు, ముక్తేశ్వరం వైపు వెళ్ళే జనం. నది నిండుగా లేదు. అక్కడక్కడా ఇసక తిన్నెలు బయటపడ్డాయి. వీరవేణి చెక్క మీద కూర్చుని నీళ్ళవంక చూస్తోంది.

"సంతోషంగా లేదేంటే నీకు? బిళ్ళ కూడా మానేయమన్నారు కదా" అన్నాడు దొరబాబు.

"భయంగా ఉందండి. ఆ బిళ్ళ వేసుకున్నంతకాలం ఎవరో కాపలా ఉన్నట్టుండేది. రేప్పొద్దున్న లేచి ఏం వేసుకోవాలి?"

పంటు నడిమిట్లోకి వచ్చింది. గాలి చల్లగా తగిలింది. దొరబాబు కండువా తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు.

"నాకూ భయమేనే. నీతో చెప్పలేదు గానీ, ఆయన ఆపేయమన్నప్పుడు ఇంకో ఏడాది రాయండి అని అడుగుదామనుకున్నాను."

వీరవేణి అతని వంక తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒకరి భయం ఒకరికి కనబడకుండా దాచుకున్నారన్నమాట. చంకలో గడ్డలు తీసినప్పటి నుంచీ కుడిచెయ్యి బరువుగానే ఉంటుంది, సాయంత్రానికి కొంచెం వాస్తుంది కూడా. ఆ చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది.

"అవతల అరటిపళ్ళు బావుంటాయంటారు కదండీ. ఒక్కటి తింటాను" అంది.

"రెండు తిను" అన్నాడు దొరబాబు.

పంటు ముక్తేశ్వరం ఒడ్డుకి తగిలింది. జనం దిగుతున్నారు. వాళ్ళిద్దరూ తొందరపడకుండా, అందరూ దిగేదాకా ఆగి, ఆఖర్న దిగారు.